ఉప్పు గురిగి ఎవరి గూట్లో

మా ఇంటి తలుపు పిడికి వారం విడిచి వారం ఒక చెక్క పలక వేలాడుతుంది. అరచేతి కంటే కొంచెం పెద్దది, అంచులు అరిగి నున్నబడినది, మధ్యలో చీపురు బొమ్మ. అది ఎవరి తలుపుకు ఉంటే ఆ వారం మెట్లు ఊడ్చి తడిబట్ట పెట్టడం వాళ్ళ వంతు. జర్మనీలో జిండెల్ఫింగెన్ అనే ఊళ్ళో మా కూతురు కవిత ఉండే అంతస్తులో రెండే ఇళ్ళు. ఒకటి మాది, ఎదురుగా ఉన్నది ఫ్రౌ హెర్మన్ అనే పెద్దావిడది. ఈ వారం మేము, వచ్చే వారం ఆమె. శనివారం పని ముగించి పలక తీసి అవతలి తలుపుకు తగిలించాలి. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. మొదటిసారి దాన్ని చూసినప్పుడు నేను గడపలోనే నిలబడిపోయాను. పదిహేడేళ్ళప్పుడు నేను కాపురానికి వెళ్ళిన ఇంట్లో కూడా ఇట్లాంటిదే ఒకటి ఉండేది. పలక కాదు, ఉప్పు గురిగి, చిన్న మట్టి ముంత. ఇద్దరు కోడళ్ళ మధ్య అటూ ఇటూ తిరిగేది.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ఊళ్ళో ఆడవాళ్ళకు పగటిపూట బడి పెడితే బీడీల చాట పక్కన పెట్టి వెళ్ళి కూర్చున్నాను. సంతకం, బస్సు మీది ఊరి పేరు, మందు సీసా మీది రాత. అక్కడితో ఆగింది. మిగతాది ఇక్కడే నేర్చుకున్నాను. రెండో కానుపుకు సాయమని కవిత నన్ను చలికాలంలో పిలిపించుకుంది. పిల్లాడు పుట్టాడు, నేను తిరిగి బయల్దేరే నాటికి కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. అల్లుడు శ్రీకాంత్ కార్ల కంపెనీ పని పడకగదిలో కూర్చునే చేసేవాడు. చిన్నపిల్లల బడిని ఇక్కడ కీటా అంటారు, అదీ మూతపడింది. ఐదేళ్ళ మనుమరాలు మేఘనతో తెలుగు రాయించే పని నాకు అప్పగించారు. దానికి నేర్పబోయి నేనే నేర్చుకున్నాను. అది తలకట్టు మరిచిపోతే నేను దిద్దేదాన్ని, నేను ఒత్తు మరిచిపోతే అది దిద్దేది. కాబట్టి ఈ రాతలో తప్పులుంటే సగం దానివి.

రాయడం వచ్చాక మొదట ఏం రాయాలని అనుకుంటే ఆ గురిగే గుర్తుకొచ్చింది. మర్యాదగా చుట్టూ తిప్పి చెప్పడం నాకు చేతకాదు. ఆ గురిగి విషయంలో నేను నా తోటికోడలు సత్తవ్వకు ఒక అన్యాయం చేశాను. యాభై ఏళ్ళు దగ్గర పడుతున్నా ఎవరికీ చెప్పలేదు. కరోనా మొదటి ఏడు ఆమె కరీంనగర్ ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టుకుని పడుకున్నదని కబురు వచ్చినప్పుడు, చెప్పకుండానే ఆమె పోతుందేమోనని నాకు భయం పట్టుకుంది.

మా అత్తవారిల్లు మానేరు వాగు దగ్గరి ఊళ్ళో. పొడుగాటి పెంకుటిల్లు, ముందరి వసారాలో నాలుగు గుంటమగ్గాలు. పొద్దు పొడవకముందే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె చప్పుడు మొదలయ్యేది. ఒక మగ్గం ఆగితే ఎవరో తినడానికి లేచారని వంటింట్లో మాకు తెలిసేది. పడుగు నూలుకు పెట్టిన గంజి వాసన, తొట్లలో రంగునీళ్ళ వాసన, పొయ్యిలో పచ్చి కంపల పొగ, ఈ మూడూ కలిస్తేనే నాకు ఆ ఇల్లు. ఇప్పటికీ ఇక్కడ అన్నం వార్చితే గంజి వాసనకు ఒక్క క్షణం నా చెవిలో నాడె కొట్టుకుంటుంది. మామ, అత్త, చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మామ చెల్లెలు, నలుగురు కొడుకులు, పెళ్ళికాని ఒక ఆడబిడ్డ, ఇద్దరం కోడళ్ళం. పది మందికి ఒకటే పొయ్యి. ఇక్కడ కరోనాలో ఒక ఇంటివాళ్ళు ఇంకొక్క ఇంటివాళ్ళతోనే కలవాలని కొన్నాళ్ళు రూలు పెట్టారు. ఇల్లంటే ఏ లెక్కన అని నేను అల్లుణ్ణి అడిగాను. "ఒక తలుపు వెనకాల ఉండేటోళ్ళు అత్తమ్మా" అన్నాడు. మాకు ఇల్లంటే తలుపు కాదు, పొయ్యి. మా మరిది, సత్తవ్వ భర్త, ఏడాదిలో సగం రోజులు నూలు కోసం ఊళ్ళు తిరిగినా ఆ పొయ్యి అన్నం తినేవాడే కాబట్టి ఇంటివాడే. పక్కింట్లోనే గోడ కలిపి ఉండే పెదమామ పాతికేళ్ళ కింద పొయ్యి వేరు చేసుకున్నాడు కాబట్టి చుట్టం.

దేవుడు కూడా ఆ పొయ్యి దగ్గరే ఉండేవాడు. గుడికి ఏడాదికి రెండుమూడు సార్లు పోయేవాళ్ళం, అంతే. అన్నం ఉడకగానే రెండు మెతుకులు నిప్పులో వేయాలి, తర్వాతే గంటె. వంటింటి ఈశాన్యం మూలలో ఒక పీట ఉండేది, దాని మీద ఏమీ ఉండదు. అది ఇంటి పెద్దలది. పెద్దలంటే మాకు చచ్చిపోయినవాళ్ళు కారు, కనబడకుండా ఇంట్లోనే తిరిగేవాళ్ళు. ఆ పీటకు కాలు తగిలితే మా అత్త తిట్టేది కాదు. చూసేది. ఆమె చూపును తప్పించుకోవడమే మాకు భక్తి, అదే భయం, అదే బుద్ధి. చక్కెర డబ్బాలో చేయి పెట్టేముందు 'ఇది తప్పా' అని నేను ఎన్నడూ అనుకోలేదు. 'అత్త ఎక్కడుంది' అనుకున్నాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. నన్ను అట్లా పెంచారు, నాతోటివాళ్ళందర్నీ అట్లాగే పెంచారు.

ఇక గురిగి. పిడికిలి పట్టేంత మట్టి గురిగి, నల్లగా మసిబారినది, అందులో వంట ఉప్పు. కోడళ్ళ గదులు పక్కపక్కనే, ఒక్కో గది బయట గోడకు ఒక్కో గూడు. గురిగి ఎవరి గూట్లో ఉంటే ఆ వారం వంట వాళ్ళది. బేస్తవారం పొద్దున చేతులు మారేది. అయితే దానికి ఇంకో పని కూడా ఉండేది. నెలసరి వస్తే మేము పొయ్యి ముట్టకూడదు, దూరంగా కూర్చోవాలి. ఆ మాట మగవాళ్ళున్న ఇంట్లో నోటితో అనేది కాదు. అందుకని వంట వంతు ఉన్న కోడలు పొద్దున లేస్తూనే గురిగి తీసి రెండో కోడలి గూట్లో పెట్టేది. చూసినామె ఏమీ అడగకుండా పోయి పొయ్యి రాజేసేది. అంతే. ఆ ఇంట్లో మా ఇద్దరి నడుమ అంతకంటే పెద్ద నమ్మకం ఇంకొకటి లేదు. సత్తవ్వ కాపురానికి వచ్చినప్పటి నుంచి అది ఒక్కనాడు తప్పలేదు.

సత్తవ్వ మా అత్తకు స్వయానా తమ్ముని బిడ్డ. పుట్టినప్పుడే రెండో కొడుక్కు అనుకున్నారు. ఆమెకు అది అత్తగారిల్లు కాదు, మేనత్త ఇల్లు. వచ్చిన రోజే ఏ డబ్బాలో ఏముందో ఆమెకు తెలుసు. నేను బయటి సంబంధం. తల్లి లేదు, తండ్రి ఇంకో పెళ్ళి చేసుకున్నాడు, అన్న ఒకడు తాగుబోతు. మీగడ సత్తవ్వ అన్నంలో పడేది, పలుచని మజ్జిగ నా అన్నంలో పడేది. అత్త కావాలని చేసేది కాదనుకుంటాను. చేయి తెలిసిన వైపుకు పోతుంది. ఆ పిల్లకు పదహారేళ్ళు, కపటం తెలియదు. 'అక్కా' అని నా వెనకాలే తిరిగేది. నాకు ఆమె మీద కోపం రావడానికి ఆమె చేసింది ఏమీ లేదు. ఆ ఏడు మా ఆయన ఒక చీర నేశాడు. నెమలికంఠం రంగు, సన్నని పసుపు అంచు. కండెలన్నీ నేనే చుట్టాను. నాకు మూడో నెల. వాంతులు చేసుకుంటూ చుట్టాను. అది నాకే అని మా ఆయన చెప్పలేదు, నేనే అనుకున్నాను. మగ్గం మీద నుంచి దించిన నాడు అత్త దాన్ని మడత పెట్టి సత్తవ్వ ఒళ్ళో పెట్టింది. "నా తమ్ముని బిడ్డకు మొదటి పండుగ" అన్నది. మా ఆయన తల దించుకుని పడుగు సర్దుకున్నాడు.

మూడు రోజులకు పెత్తరమాస వచ్చింది. పెద్దలకు అన్నం పెట్టే అమావాస్య. ఆ ఒక్కరోజు పీట మీద విస్తరి పడుతుంది. గారెలు, పరమాన్నం, పప్పు, గుమ్మడికాయ కూర. వంట చేసే కోడలు తలారా నీళ్ళు పోసుకుని, తడి జుట్టు ముడి వేసుకుని, ఎవరినీ తాకకుండా చేయాలి. ఆ వారం వంతు సత్తవ్వది. పొద్దున నేను గది తలుపు తీసేసరికి నా గూట్లో గురిగి ఉంది.

అర్థం కాకపోవడానికి ఏమీ లేదు. ఆమె దూరమైంది, వంట నేను చేయాలి. గురిగి చేతిలోకి తీసుకున్నాను. అప్పుడే ఓరగా ఉన్న తలుపు సందులోంచి సత్తవ్వ గది దండెం మీద ఆ నెమలికంఠం చీర కనిపించింది. వసారాలో మామ చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు, అత్త వెనకాల బావి దగ్గర ఉంది. ఎవరూ చూడటం లేదు. గురిగి తీసుకెళ్ళి సత్తవ్వ గూట్లోనే పెట్టి, ఏమీ ఎరగనట్టు వాకిలి ఊడ్వడానికి పోయాను.

కాసేపటికి ఆమె నా దగ్గరికి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. "అక్కా" అన్నది. "ఏందే?" అన్నాను. ఆమె వసారాలో మామ వైపు చూసింది, నా వైపు చూసింది. "ఏం లేదు" అని వెళ్ళిపోయింది. మగవాళ్ళ ముందు ఆ మాట అనలేదు, అత్త దగ్గరికి పోయి నా మీద చెప్పలేదు. తలారా నీళ్ళు పోసుకుని వచ్చి పొయ్యి రాజేసింది. పీట మీద విస్తరి వేసింది. కాకికి గోడ మీద అన్నం పెట్టింది. మేమందరం తిన్నాం. గారెలు బాగున్నాయని మామ రెండోసారి అడిగి వేయించుకున్నాడు. నాకూ బాగానే ఉన్నాయి. గొంతు దిగలేదని రాస్తే అబద్ధం.

సాయంత్రం సత్తవ్వ బావి వెనకాల బట్టలు ఉతుక్కుంటుంటే అత్త చూసింది. గదిలోకి పిలిచి తలుపేసింది. నేను తలుపు బయటే ఉన్నాను. "గురిగి ఎందుకు మార్చలేదే?" అని అడిగింది. తర్వాత సత్తవ్వ గొంతు వినిపించింది. "మర్సిన అత్తా."

అత్త ఆ రోజు దాన్ని కడుపులో పెట్టుకుంది. దసరా దాటాక మామకు ఒక పక్క పడిపోయింది, మాట పోయింది. సోది చెప్పే ఆమెను పిలిపించారు. ఆమె చేటలో బియ్యం పోసి తిప్పి, "ఈ ఇంట్ల పెద్దలు అన్నం ముట్టలే, అలిగి పోయిండ్రు" అన్నది. ఇంటివాళ్ళందరి ముందర అత్త సత్తవ్వ వైపు చూసింది. ఇక అంతే. మేనకోడలు కదా, కాపాడుతుందని అనుకుంటారు. జరిగింది దానికి తలకిందులు. తన పుట్టింటి పిల్ల వల్ల ఇంటికి ఇట్లయిందని పదిమంది అనుకుంటారనే సిగ్గు అత్తకు రెండింతలైంది. బయటి పిల్ల చేసి ఉంటే తిట్టి ఊరుకునేదేమో. తన పిల్ల కాబట్టి పొయ్యి వేరు చేయించింది. వసారా చివరన మూడు రాళ్ళు పెట్టుకుని సత్తవ్వ రెండు నెలలు విడిగా వండుకుంది. తర్వాత మా మరిది ఆమెను తీసుకుని మరమగ్గాల పనికి భీవండి పోయాడు. ముప్పై ఏళ్ళు అక్కడే ఉన్నారు. పిల్లలు అక్కడే పుట్టారు, మా మరిది దగ్గుతో అక్కడే పోయాడు. తర్వాత ఆమె కొడుకుతో సిరిసిల్లకు వచ్చింది. పెళ్ళిళ్ళలో, చావుల్లో కలిసేవాళ్ళం. తిన్నావా అంటే తిన్నావా. ఆమె 'అక్కా' అనడం మానలేదు.

నేను చేసింది తప్పని నాకు తెలియదా అంటే, తెలుసు. కానీ అది నన్ను పెద్దగా తినలేదు, ఉన్నమాట చెప్పాలి. ఎవరూ చూడలేదు కాబట్టి అది సగమే జరిగినట్టు ఉండేది. మా ఇంట్లో తప్పు అనేది ఎవరు చేశారన్న దాని మీద ఉండదు, ఎవరి మీద పడిందన్న దాని మీద ఉంటుంది. పడేదేదో ఆమె మీద పడిపోయింది, పొయ్యి వేరైంది, ఇల్లు శుభ్రమైంది. మామ రెండేళ్ళు బతికాడు. లెక్క ముగిసిందని ఇంటివాళ్ళందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

ఇక్కడికి వచ్చాక ఫ్రౌ హెర్మన్ నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఆమె కార్ల సీట్లు కుట్టే పని చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం చర్చికి పోయేది, కరోనాలో చర్చి మూస్తే అదే వేళకు మంచి గౌను వేసుకుని రేడియో ముందు కూర్చునేది. వేసవి మొదట్లో ఎవరికో జబ్బు తేలిందని ఆమెను కూడా రెండు వారాలు ఇల్లు కదలొద్దన్నారు. పలక ఆమె తలుపుకు ఉంది. నేను చీపురు తీసుకుని మెట్లు ఊడ్చాను. తోటికోడలు దూరంగా కూర్చుంటే చేయమా మరి. "నైన్ అమ్మమ్మా, అది మన వోహె కాదు" అని మేఘన మెట్ల మీద నిలబడి అరిచింది, వద్దు, మన వారం కాదని. "నోర్ముయ్యే, ఆమెకు పాణం బాగలేదు" అన్నాను. గడువు ముగిసిన రోజు ఆ పెద్దావిడ బయటికి వచ్చి, అద్దంలా ఉన్న మెట్లను మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా తుడిచింది. నాకు ఒళ్ళు మండింది.

"ఏం, నేను తుడిస్తే మైల అయితదా?" అన్నాను కవితతో.

"అది కాదమ్మా. అది ఆమె వారమంట. ఆమే చెయ్యాల్నంట. నువ్వు చేస్తే ఆమె చేసినట్టు కాదంట."

"మెట్లకు తెలుస్తదా ఎవరు తుడిచిన్రో?"

"మెట్లకు తెల్వది. ఆమెకు తెలుస్తది" అని కవిత నవ్వింది.

ఇక్కడి ఎండాకాలం చివరలోనే సత్తవ్వ కబురు వచ్చింది. ఆమె కొడుకు నరేష్ ఫోన్ చేశాడు. "పెద్దమ్మా, అమ్మను లోపటికి తీస్కపోయిన్రు. మమ్ముల్ని రానిస్తలేరు" అని ఏడ్చాడు. తొమ్మిది రోజులు ఆమె గొంతు వినే దారి లేదు. బతికి వస్తే చెప్తానని ఆ పెద్దల పీటకు మొక్కుకున్నాను. ఆ పీట ఇప్పుడు లేదు, ఇల్లే లేదు, అయినా మొక్కాను. పదో రోజు ఆమె ఇంటికి వచ్చింది. వచ్చిందని తెలియగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటంటే, ఇంక చెప్పనక్కర్లేదు అని. రాయడానికే ముఖం చిన్నబోతుంది కానీ అదే వచ్చింది.

ఆ తర్వాతి సోమవారం గంట మోగింది. తలుపు తీస్తే ఫ్రౌ హెర్మన్ గంట కొట్టి తన గడప దాకా వెనక్కు నడిచి నిలబడింది, మూతికి గుడ్డ, చేతులు రెండూ ముందు కట్టుకుని. కవిత పిల్లాణ్ణి భుజాన వేసుకుని వచ్చింది. ఆవిడ చాలాసేపు మాట్లాడింది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఏమంటున్నదే?"

"సారీ చెప్తున్నదమ్మా. మొన్న శనివారం మెట్లు తుడవకుండనే బోర్డు మన తలుపుకు తగిలిచ్చిందంట. మోకాలు నొస్తుండెనంట. రెండు దినాల నుంచి మనసు మనసుల లేదంట."

"దానికింత ఏడుపెందుకే? మెట్లు మంచిగనే ఉండె. ఎవరన్న చూసిన్రా?"

కవిత అడిగింది. ఆవిడ తల అడ్డంగా ఊపి, రొమ్ము మీద వేలు పెట్టుకుని రెండు మాటలు అన్నది.

"నేను చూసిన కదా, అంటున్నది."

నేను లోపలికి వచ్చి వంటింట్లో కూర్చున్నాను. కవితను మళ్ళీ పంపించి అడిగించాను, ఎవరు నేర్పారమ్మా నీకు ఇట్లా అని. తన తల్లి చెప్పేదట: దేవుడి ముందర ఎవరికి వాళ్ళే నిలబడాలి, అమ్మ వచ్చి నిలబడదు, అక్కాచెల్లెలు వచ్చి నిలబడరు. మాటల్లో మాటగా మా సత్తవ్వ మేనత్త కొడుకును చేసుకుందని కవిత చెప్తే ఆవిడ బిత్తరపోయిందట. ఆమె అమ్మమ్మ కాలంలో దగ్గరి చుట్టాన్ని చేసుకోవాలంటే పాస్టరు ముందు నిలబడి అడగాల్సి వచ్చేదట. అది విని నాకు కొంచెం అర్థమైనట్టు అనిపించింది. వీళ్ళ దేవుడు వీళ్ళను చుట్టాల్లోంచి బయటికి లాగి ఒక్కొక్కర్ని విడిగా నిలబెట్టాడు. మా దేవుడు మమ్మల్ని ఒక పొయ్యి చుట్టూ కూర్చోబెట్టాడు. విడిగా నిలబడ్డవాళ్ళకు కన్ను లోపల మొలిచింది. కలిసి కూర్చున్నవాళ్ళకు కన్ను అత్త ముఖంలో ఉంది. ఏది మంచిదో తేల్చడానికి నేను పండితురాలిని కాదు. ఫ్రౌ హెర్మన్ జబ్బు పడితే గంజి కాచి ఇచ్చేవాళ్ళు లేరు, అదీ చూశాను. కానీ యాభై ఏళ్ళు ఒక తప్పును సుఖంగా మోయగలగడం నా ఒక్కదాని గొప్ప కాదు, అట్లా మోయడానికి నాకు ఒక ఇల్లు మొత్తం సాయపడిందని ఆ పూట తెలిసింది.

మధ్యాహ్నం ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం. సత్తవ్వ గదిలో ఒక్కతే ఉంది, ఇంకా దగ్గుతున్నది.

"సత్తవ్వా, నీకొకటి చెప్పాలె."

"చెప్పక్కా."

"ఆ ఏడు పెత్తరమాస నాడు గురిగి..."

"ఊ."

"నువ్వు నా గూట్ల పెట్టినవు. నేను చూసిన. తీసి మళ్ల నీ గూట్ల పెట్టిన."

ఆమె దగ్గింది. నీళ్ళు తాగిన చప్పుడైంది. "నాకెర్కనే ఉంది" అన్నది.

"ఎట్లెర్క?"

"తలుపు సందుల నుంచి చూస్తున్న గద. నువ్వు గురిగి చేతుల పట్టుకుని జరసేపు నిలవడ్డవు. ఉంచుకుంటవనుకున్న."

ఎవరూ చూడలేదని యాభై ఏళ్ళు అనుకున్నాను. చూసినామె ఆ సాయంత్రమే తలుపు వెనక నిలబడి మరిచిపోయానని అబద్ధం చెప్పింది.

"మరెందుకు చెప్పలేదే అత్తకు? నన్నెళ్ళగొట్టేది, నువ్వుంటుంటివి!"

"గదే గద. నిన్నెళ్ళగొడితే ఏడికి పోదువు? నీకు మూడో నెల. అవ్వ లేకపాయె, నీ అన్న తాగుబోతాయె. నాకేంది, అత్త తిట్టినా మా నాయిన అక్కనే. పొయ్యి ఏరుపెట్టినా ఎప్పటికైనా అన్నం పెడ్తదనుకున్న. పెట్టలేదనుకో, అది వేరు సంగతి." నవ్వింది, నవ్వుతూ మళ్ళీ దగ్గింది. "ఇద్దరం పోవుడు కంటె ఒక్కరు పోవుడు నయం గదా అక్కా. ఇల్లన్న నిలవడ్డది."

ఏ చుట్టరికం చూసి నేను కుళ్ళుకున్నానో దాన్నే ఆమె నాకు అడ్డం పెట్టింది. పదహారేళ్ళ పిల్ల. దేవుడి ముందు ఎవరికి వాళ్ళే నిలబడాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు కాబట్టి నా బదులు తాను నిలబడింది. ఇది ఫ్రౌ హెర్మన్‌కు చెప్తే అర్థమవుతుందా? తర్వాత కవితతో చెప్పించాను కూడా. ఆవిడ "కానీ అది ఆమె తప్పు కాదు కదా" అన్నదట. అక్కడే ఆగిపోయింది.

"నన్నేమన్నా అనవే. తిట్టు" అన్నాను ఫోన్‌లో.

"తిట్టనీకి ఊపిరి లేదక్కా ఇప్పుడు. మంచిగైనంక తిడ్త." దగ్గు తగ్గాక అడిగింది. "చీర కోసమేనా?"

"చీర కోసమే."

"అది నాకు నప్పకపాయె. భీవండిల పాతబట్టల కింద ఏసి అమ్ముకున్న" అన్నది. తర్వాత గొంతు మార్చి, "వచ్చే అమాసకు పెద్దలకు పెట్టాలె. నాకు నిలవడ చాతనైతలేదు. కోడలికి ఈ పద్ధతులు రావు. ఈ ఏడు నా వంతు నువ్వు చెయ్యి" అన్నది.

ఆమె అడిగింది అదొక్కటే.

పెత్తరమాస నాడు తెల్లవారే తలారా నీళ్ళు పోసుకున్నాను. జర్మనీలో కరెంటు పొయ్యి, నిప్పు లేదు, మొదటి మెతుకులు వేయడానికి కవిత ఒక కొవ్వొత్తి వెలిగించింది. గుమ్మడికాయ టర్కీవాళ్ళ కొట్లో దొరికింది. మినప్పప్పు రుబ్బడానికి పిల్లాడి తిండికి కొన్న చిన్న మిక్సీ. మేఘన ఆడుకునే చిన్న స్టూలు కడిగి ఈశాన్యం మూలలో పెట్టాను. శ్రీకాంత్ ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి నిలబెట్టాడు, అందులో సత్తవ్వ మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని చూస్తున్నది. సగం మనిషి అయిపోయింది. కళ్ళు మాత్రం ఆ పిల్లవే.

"గారె మధ్యల బొక్క పెద్దగ పెట్టినవక్కా."

"నువ్వు నోరు మూస్కో, వంతు నాది."

"వంతు నాదే. చెయ్యి నీది."

పిట్టలకు గింజలు వేయొద్దని ఈ బిల్డింగులో కాగితం అంటించి ఉంది. అయినా బాల్కనీ అంచున ఒక ముద్ద పెట్టాను. పక్క బాల్కనీలో ఫ్రౌ హెర్మన్ పూలకుండీలకు నీళ్ళు పోస్తున్నది. ముద్దను చూసింది, నన్ను చూసింది. నేను రెండు చేతులూ జోడించాను. ఆవిడ నీళ్ళ డబ్బా కింద పెట్టి, లోపలికి పోయి, చూడనట్టే తలుపు వేసుకుంది. కాసేపటికి కాకి వచ్చింది. ఈ దేశపు కాకులు మనవాటికంటే లావు. గారె ముక్క పట్టుకుని పోయింది.

"వచ్చిందా?" అన్నది సత్తవ్వ.

"వచ్చింది."

"తిన్నదా?"

"ఎత్కపోయింది."

ఆమె కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకుని ఫోన్ తీయబోయాను. అప్పుడు మెల్లగా అన్నది: "ఇగ గురిగి నా గూట్ల పెట్టక్కా. వచ్చే యాడాది నేను చేస్త."

పొయ్యి మీది గిన్నె పక్కన ఇక్కడి ఉప్పు డబ్బా ఉంది, నీలం రంగు అట్ట డబ్బా. నేను దాన్ని తీసి ఫోన్ ముందు పెట్టాను, ఆమెకు కనబడేటట్టు.